నాలుగు గళ్ల నల్లతెర

పదకొండు గంటలైంది. గుయాకిల్‌లో నా భర్త స్నేహితుడు క్లెవెర్ వాళ్ల వీధికి కరెంటు పదకొండున్నరకు వస్తుంది. ఇక్కడ మా వీధికి పన్నెండుకు పోతుంది. మధ్యలో ఉన్న అరగంట మాది. నిన్న కరెంటు కోతల జాబితాలో మా పేట పేరు మొదటిసారి చూసినప్పటినుంచి ఈ లెక్క నా తలలో తిరుగుతోంది. తీసివేత సరిగ్గా చేశానా అని నా తరగతి పిల్లల్లా మళ్లీ మళ్లీ సరిచూసుకుంటున్నాను. ఇన్నాళ్లూ మమ్మల్ని వదిలేశారు, మా తీగ పెద్దాసుపత్రి తీగతో కలిసి ఉంది కనుక. మా కుయెంకా ఊరంతా కొవ్వొత్తులు కొనుక్కుంటుంటే నా భర్త ఎఫ్రాయిన్ నవ్వేవాడు, రోగుల పుణ్యాన బతుకుతున్నాం జోయిలా, వాళ్లకు త్వరగా నయం కాకూడదని దణ్ణం పెట్టుకో అని. ఆ నవ్వు ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే. కుర్చీ కాలు అతను పడిపోయిన రోజు విరిగింది, పక్కింటి అబ్బాయి మేకు కొట్టి ఇచ్చాడు. నేను అందులో కూర్చోలేదు. వంటింటి పీట తెచ్చుకుని పక్కన కూర్చున్నాను, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నట్టు. మా ముందు ల్యాప్‌టాప్ వెలుగుతోంది. తెర మీద టైము, అతని పేరు, పాస్‌వర్డ్ కోసం ఒక ఖాళీ పెట్టె, అంతే. పంతొమ్మిది రోజులుగా అంతే. దాని బ్యాటరీ ఆగస్టులో ఉబ్బిపోతే తీసి బాల్కనీలో పెంకు మీద పెట్టాడు, కొత్తది ఓడలో వస్తోందన్నాడు. ఓడ ఇంకా వస్తూనే ఉంది. అందుకని ఇప్పుడా ల్యాప్‌టాప్ ప్రాణమంతా గోడకున్న ఒక ప్లగ్గులో ఉంది. ఊడ్చేటప్పుడు ఆ మూలకి చీపురు కూడా పోనివ్వడం లేదు నేను.

తాళం పడిన ఆ తెర వెనక నాలుగు గళ్లున్నాయి. అవి నాకు తెలుసు, వాటిని అతను కట్టడం చూశాను. నిరుడు వర్షాకాలంలో రెండు ఆదివారాలు కూర్చుని రాశాడు, నేను పక్కనే ఏడో తరగతి వ్యాసాలు దిద్దుకుంటున్నాను. చూడు జోయిలా, పొద్దున్న పెట్టె తెరవగానే నేనేమీ చెప్పక్కర్లేదు, దానంతటదే నాలుగు ముక్కలవుతుంది, ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు అన్నాడు. మొదటి గడిలో జలాశయం నీటి మట్టం, ఎందుకంటే ఈ దేశంలో వాన పడితేనే కరెంటు. రెండో దానిలో తను చూసుకునే నీటి పంపుల యంత్రాలు. మూడో దానిలో క్లెవెర్‌తో పని మాటలు. నాలుగోది ఖాళీ, రాసుకోవడానికి. మా బడిలో నల్లబల్ల కూడా అంతే కదా అన్నాను, ఒక మూల తేదీ, ఒక మూల పాఠం, ఒక మూల ఇంటిపని, ఒక మూల అల్లరి చేసినవాళ్ల పేర్లు. అయితే నాలుగో గడిలో నీ పేరే రాస్తాను అన్నాడు. నేను తల ఎత్తలేదు, ఎవరో పిల్ల వ్యాసంలో అమ్మమ్మ చనిపోయిందని ఒకే వాక్యంలో రాసి తర్వాతి వాక్యంలో కుక్కపిల్ల గురించి రాసింది, దాని కింద ఎర్ర సిరాతో ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను. ఏం రాశానో ఇప్పుడు గుర్తు లేదు. అనుసంధానం లేదు అని రాసి ఉంటాను. రాసే ఉంటాను.

ఇంకోటి కూడా చెప్పాడు, దాన్ని పట్టుకునే ఈ పంతొమ్మిది రోజులూ వేలాడాను. ఈ గళ్లు తెర మీద ఉండవు, లోపల ఉంటాయి, తెర ఆరినా, తాళం పడినా, నేను ఇంకో ఊరినుంచి వచ్చి తలుపు తట్టినా ఎక్కడివక్కడే ఉంటాయి, సగం రాసిన మాటతో సహా అన్నాడు. మరెప్పుడు పోతాయి అని అడిగాను. కరెంటు పోతే అన్నాడు.

అతను పోయిన ఆ రోజు పొద్దున్న మంచు. బడి గేటు దగ్గర కాపలా వంతు నాది, ముందే బయల్దేరాలి, తాళంచెవులు కనబడలేదు. అతను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. జోయిలా, నీతో ఒక మాట చెప్పాలి అన్నాడు. రాసిపెట్టు, వచ్చాక చదువుతాను అన్నాను. ఇరవయ్యారేళ్లుగా పిల్లలతో అంటున్న మాట అది. ఇద్దరు ముగ్గురు ఒక్కసారి బల్ల చుట్టూ చేరి మాట్లాడితే వినలేక అంటాను, రాసి తీసుకురండి అని. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అతనికి నా మాటలో కనీసం నేను దొరికేదాన్ని. అలవాటుగా అన్నాను. అతని మొహం చూడలేదు, తాళంచెవులు చూస్తున్నాను, అవి రొట్టెల బుట్టలో దొరికాయి. సరే అన్నాడో ఏమీ అనలేదో తెలియదు. తలుపు నేనే వేసుకుని వెళ్లాను.

ఏమిటా మాట. గుండెలో నొప్పని డాక్టరు దగ్గరికి రహస్యంగా వెళ్లాడేమో. ఉద్యోగం పోయిందేమో. లోహా ఊళ్లో ఉన్న చెల్లెలికి ఏదైనా మాట ఇచ్చాడేమో. నాతో విసిగిపోయాడేమో, ముప్పై ఏళ్లకి మనుషులు విసిగిపోవచ్చు, అందులో నేరం లేదు. లేక స్నానాలగది కుళాయి కారుతోందని చెప్పాలనుకున్నాడేమో. ప్రతి తెల్లవారీ ఆ మాటను నేనే రాసుకుంటున్నాను, అతని తరఫున, మంచి వాక్యాలే, కర్త కర్మ క్రియ అన్నీ సరిగ్గా కుదురుతాయి, అందుకే అవి అతనివి కావని తెలిసిపోతుంది. అతను రాస్తే వాక్యం చివర్లో ఎక్కడో ఒక కామా వేలాడుతూ ఉండేది.

రాశాడని నాకు తెలుసు. చూశాను. పదకొండుకు అయిదు నిమిషాలుందనగా కుర్చీ పడిన చప్పుడు గోడ అవతల దోన్యా తర్‌హేలియాకు వినిపించింది. ఆవిడ బడికి ఫోను చేసింది, బడి రెండు వీధుల అవతలే, పదే పది నిమిషాల్లో నేనీ గదిలో ఉన్నాను. అతని తల నా ఒడిలో ఉంది. తెర వెలుగుతూనే ఉంది. నాలుగు గళ్లు, నాలుగో గడిలో అయిదో ఆరో పంక్తులు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, చివర చిన్న గీత ఆరి వెలుగుతూ. అక్షరాలు చూశాను, చదవలేదు. జీవితమంతా చదవడం నేర్పినదాన్ని, దారిలో కొట్టు బోర్డు కూడా వదలకుండా చదివేదాన్ని, నా కళ్ల ముందు నా మనిషి రాసిన ఆఖరి పంక్తులు వెలుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. అంబులెన్సు వాళ్లు మెట్లెక్కుతున్నప్పుడు తెర దానంతటదే మసకబారి తాళం వేసుకుంది. అతని తల్లి పేరు వేసి చూశాను తర్వాత, మా పెళ్లిరోజు వేసి చూశాను, నా పేరు వేసి చూశాను. మూడోది తప్పని చెప్పినప్పుడు కొంచెం నవ్వొచ్చింది. ఇంక ముట్టుకోలేదు. ఎక్కువసార్లు తప్పితే శాశ్వతంగా బిగుసుకుపోతుందేమోనని భయం. అదొక్కటే కాదు. తాళం ఉన్నంతకాలం లోపల ఉత్తరం ఉంటుంది. క్లెవెర్ మొదటి వారంలోనే అడిగాడు, నా దగ్గర దారి ఉంది కొమాద్రె, ఇక్కడినుంచే లోపలికి వెళ్లగలను అని. ఎఫ్రాయిన్ అతని కూతురికి జ్ఞానస్నానంలో ధర్మతండ్రిగా నిలబడ్డాడు, అప్పటినుంచి నేనతనికి కొమాద్రెను, వాళ్లిద్దరూ ఒకరికొకరు కొంపాద్రెలు. ఒకరి యంత్రం తాళం ఒకరి దగ్గర ఉంచుకున్నారు. వచ్చేవారం అన్నాను. మళ్లీ వచ్చేవారం అన్నాను. జాబితాలో మా పేట పేరు రాకపోతే ఈ రోజు కూడా వచ్చేవారమనే అనేదాన్ని.

"తలుపు బార్లా తెరిచి పెట్టావు, దొంగలకి విందా?" దోన్యా తర్‌హేలియా గిన్నె పట్టుకుని లోపలికి వచ్చేసింది. డెబ్భై మూడేళ్ల మనిషి, మెట్లెక్కి వచ్చినా రొప్పదు. "ఇదిగో మోతె, ఉడికిన మొక్కజొన్న గింజల్లో గుడ్డు కొట్టి వేయించా. రెండు గుడ్లెక్కువ పడ్డాయి, నీ మీద ప్రేమ అనుకోకు, కోడి పెట్టేసింది మరి."

"అక్కడ పెట్టండి దోన్యా. తర్వాత తింటాను."

"తర్వాత అంటే చల్లారాక. చల్లారితే కోడికి అవమానం. ఆ కోడికున్న బుద్ధి కరెంటోళ్లకి లేదమ్మాయ్, చెప్పిన వేళకి పెడుతుంది. నీకు పన్నెండన్నారా? నా మాట విను, పన్నెండు అవ్వదు. నిన్న మా చెల్లెలి పేటలో పావుగంట ముందే పీకేశారు."

పావుగంట. నేను ఆ లెక్క వేసుకోలేదు. ఆవిడ ల్యాప్‌టాప్ వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది. అయిదో రోజున కొండవైపు ఆచారం ప్రకారం అతని బట్టలన్నీ నది ఒడ్డుకి తీసుకెళ్లి ఉతికించింది ఈవిడే. తోమెబాంబా నది నీళ్లు ఎముకల్లోకి దిగేంత చల్లగా ఉన్నాయి. నలుగురు ఆడవాళ్లం వరసగా కూర్చుని చొక్కాలు, దుప్పటి, చేతిరుమాళ్లు, ఉన్ని టోపీ రాళ్లకేసి రుద్దాం. చచ్చినవాడి చెమట బట్టల్లో ఉన్నంతకాలం అతను వెళ్లడు, ఇక్కడిక్కడే తచ్చాడతాడు అంటారు. నేను ఒక్క చొక్కా దాచాలనుకున్నాను, ఆవిడ నా చేతిలోంచి లాక్కుంది.

"అన్నీ ఉతికేశాం. ఇదొక్కటే మిగిలింది. దీన్ని ఎలా ఉతుకుతారు చెప్పు? సబ్బు పెడితే పేలుద్ది." ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. "ఆపెయ్యి అమ్మాయ్. పాపం ఆ మనిషి కూడా అలిసిపోయుంటాడు, ఇన్ని రోజులు వెలుగుతూ."

ఆవిడ వెళ్లాక తలుపు వేశాను. పదకొండూ ఇరవై రెండు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదేమో, అతను అలిసిపోయి ఉండొచ్చు, అందులో ఇరుక్కుని, చెప్పాలనుకున్న మాట చెప్పేసి కూడా అది చేరక, బల్ల ముందు కాగితం పట్టుకుని నిలబడ్డ పిల్లాడిలా. మోతె వాసన గదంతా నిండింది. ఆకలేసింది. ఆకలేసినందుకు సిగ్గేసింది. ఒక చెంచా తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది, మనిషి లేకపోయినా ఉప్పు సరిగ్గానే ఉంటుంది. పదకొండూ ముప్పై. ఫోను మోగలేదు. ముప్పై ఒకటి. గుయాకిల్‌లో ఆలస్యం చేసి ఇస్తారు, ఇక్కడ తొందరపడి తీస్తారు, అలా రెండు వైపులనుంచీ మా అరగంటను కొరుకుతున్నారు. ముప్పై నాలుగు. ఉత్తరం చెడ్డదైనా ఫరవాలేదు అనుకున్నాను. నిన్ను వదిలి వెళ్తున్నాను అని ఉన్నా ఫరవాలేదు. అది చదివి కోపం తెచ్చుకుంటాను, వాదిస్తాను, గోడతో వాదిస్తాను, వాదించడానికి అతని వాక్యం ఒకటి నా దగ్గర ఉంటుంది.

"కొమాద్రె, వచ్చేసింది! ఫ్రిజ్జు దయ్యం పట్టినట్టు మూలుగుతోంది. ఆరు నిమిషాలు మింగేశారు వెధవలు, క్షమించండి." ఫోను తెరలో క్లెవెర్ మొహం చెమటతో మెరుస్తోంది. సముద్రం పక్క మనిషి, వేగంగా మాట్లాడతాడు, భయమేస్తే ఇంకా వేగంగా. "మీ మోడెం చూడండి. లైట్లు వెలుగుతున్నాయా?"

"మూడు పచ్చవి వెలుగుతున్నాయి. ఒక ఎర్రది ఆరి వెలుగుతోంది."

"ఆ ఎర్రది ఎప్పుడూ అంతే. కొంపాద్రె దానికి అత్తగారని పేరు పెట్టాడు. అనవసరంగా కళ్లెర్రజేస్తుందని."

"మా అమ్మనా?"

"అయ్యో. మీకు తెలీదా?"

నవ్వు వచ్చింది, అతనికీ నాకూ, ఒకేసారి ఆగిపోయింది. మా అమ్మను అంత మాట అన్నాడు, పదేళ్లు నాకు తెలియదు. ఇంకా ఏమేమి నాకు తెలియవు. అతను ఫోనును తన కంప్యూటరు తెర ఎదురుగా నిలబెట్టాడు. నల్లతెర, పైన ఒకే పంక్తి.

"వినండి కొమాద్రె. నేను లోపలికి వెళ్లగానే ఆ నాలుగు గళ్లూ ఆయన వదిలినట్టే ఇక్కడ తెరుచుకుంటాయి. అది తెరుచుకోగానే నేను కళ్లు మూసుకుంటాను. నాలుగోది మీరు చదువుకోండి. మీరు చెప్పాకే తెరుస్తాను."

"అలాగే."

"సిద్ధమేనా?"

సిద్ధం కాదు. వచ్చేవారం అని నోటి చివరకు వచ్చింది. "సిద్ధమే" అన్నాను.

మీట నొక్కిన చప్పుడు విన్నాను. తెర ఒక్క క్షణం ఖాళీ అయింది. నిలువుగా ఒక గీత దిగింది, అడ్డంగా ఒక గీత పరిగెత్తింది, నాలుగు గళ్లు, నేను చూసినవే, ఆ కొలతలతోనే. మొదటి దానిలో నీటి మట్టం అంకె వచ్చి కూర్చుంది. రెండో దానిలో పంపుల వరస. మూడో దానిలో ఏదో కదిలి ఆగింది. నాలుగో దానిలో మూలన చిన్న గీత, ఆరి వెలుగుతోంది. ఆ గీత తప్ప ఏమీ లేదు. కిందికి జరిగిపోయి ఉంటుందనుకున్నాను, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను.

"క్లెవెర్, దాన్ని పైకి జరపండి. రాసింది పైన ఉండి ఉంటుంది."

తెర కదల్లేదు.

"కళ్లు తెరవండి. నేను చెబుతున్నాను."

"తెరిచాను." మెల్లగా అన్నాడు, అతను అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు. "పైన ఏం లేదు కొమాద్రె. ఇవి పాతవి కావు. కింద మూల చూడండి, మొదలైన టైము. పదకొండూ నలభై ఒకటి. ఇవి ఇప్పుడు పుట్టాయి."

"పాతవి ఎక్కడున్నాయి?"

"ఇలా చేసేది కాదు ఇది. పాతవి ఉంటే పాతవాటి దగ్గరికే తీసుకెళ్లేది. వందసార్లు వెళ్లాను నేను. ఉండండి, ఉండండి." మీటలు టకటకలాడాయి. నాలుగో గడి నిండా పంక్తులు వచ్చాయి. "ఇదే, పొద్దున్నే గళ్లు తెరవడానికి ఆయన రాసుకున్న ఫైలు. ఇది ఎవరు లోపలికి వచ్చినా ముందు నడుస్తుంది. ఇక్కడ, పైన, ఒక పంక్తి కొత్తగా చేర్చాడు. పాత గళ్లు ఉంటే కొట్టెయ్యమని. కొట్టేసి శుభ్రంగా మళ్లీ మొదలుపెట్టమని." ఊపిరి పీల్చుకున్నాడు. "నేనే చెప్పాను కొమాద్రె. నెట్టు ఊగిసలాడినప్పుడల్లా గళ్లు బిగుసుకుపోతున్నాయని విసుక్కుంటుంటే, ఆ ముందు ఆదివారం, నేనే, పాతది చంపి పారెయ్ కొంపాద్రె, గొడవ వదులుద్ది అన్నాను. చేర్చాడని నాకు చెప్పలేదు. చేర్చాడని చెప్పి ఉంటే నేను ముందు దాన్ని తీసి..."

అతను ఏడుస్తున్నాడు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను. దాని తెర మీద ఏ మార్పూ లేదు, టైము, పేరు, ఖాళీ పెట్టె, పంతొమ్మిది రోజులూ ఎలా ఉందో అలాగే, తన లోపల ఏం జరిగిందో తెలియనట్టు. మీ తప్పు కాదు అనాలి నేను. అన్నాను. అతను మంచివాడు, అతని గొంతులో ఆ మాట చేరిన చప్పుడు వినిపించింది. నాతో ఆ మాట అనేవాళ్లు లేరు.

"ఎప్పుడు చేర్చాడు?" అని అడిగాను.

"ఆ రోజే. పదీ ముప్పై ఒకటికి సేవ్ చేశాడు. ఆ రోజు ఆయన సేవ్ చేసిన ఫైలు ఇదొక్కటే, వెతికాను, ఇంకేం లేదు."

పదీ ముప్పై ఒకటి. పదకొండుకు అయిదు తక్కువలో కుర్చీ పడింది. మధ్యలో ఇరవై నాలుగు నిమిషాలు. ఇరవై నాలుగు నిమిషాల్లో ఏడో తరగతి పిల్లలు ఒక పేజీ రాస్తారు, నెమ్మదిగా రాసేవాళ్లు కూడా అరపేజీ రాస్తారు. మనసులో మాట ఉన్నవాడు రాయడానికి అది చాలు. గోడకేసి చూస్తూ, ఛాతీ రుద్దుకుంటూ, ఏమీ రాయకుండా కూర్చోవడానికీ అది చాలు. ఫోన్లో నాలుగో గడి నిండా ఉన్న ఆ పంక్తుల్ని చూశాను. ఒకటి పొడుగు. ఒకటి పొట్టి. ఆరు. ఇవి అవే పంక్తులు అయితే ఉత్తరమే లేదు, ఎప్పుడూ లేదు, నేను పంతొమ్మిది రోజులు కాపలా కాసింది దీనికి. కాకపోతే ఉత్తరం ఉంది, పదకొండూ నలభై ఒకటి దాకా ఉంది, నేను సిద్ధమే అనేదాకా ఉంది.

"కొమాద్రె," క్లెవెర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు మీరు తెర మీద చూసింది... ఇదే కావచ్చా? మీకు గుర్తుందా?"

మా వంటింట్లో ఫ్రిజ్జు ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగాక గాని అది ఇన్నాళ్లూ మోగుతున్నట్టు తెలియలేదు. మోడెం లైట్లు నాలుగూ ఒకేసారి ఆరాయి. ల్యాప్‌టాప్ చప్పుడు లేకుండా నల్లబడింది, అందులో కిటికీ కనిపించింది, నేను కనిపించాను. పన్నెండుకు ఇంకా ఏడు నిమిషాలుంది. ఫోను మాత్రం టవరు పట్టుకుని ఉంది, అందులో క్లెవెర్ తెర మీద ఆ పంక్తులు బిగుసుకుపోయి అలాగే నిలబడి ఉన్నాయి, ఇక వాటి వెనక ఏ యంత్రమూ లేకుండా.

"తెలీదు" అన్నాను. "నేను చదవలేదు."

"ఇవి కూడా కాసేపట్లో పోతాయి. ఫొటో తీసి పంపనా?"

"వద్దు. మీరే పైకి చదవండి. నాకు అర్థమయ్యే మాటల్లో. మెల్లగా."

అతను ముక్కు తుడుచుకున్నాడు. బల్ల ముందుకు పిలిస్తే వచ్చి నిలబడ్డ పిల్లాడిలా, ఒక్కో పంక్తి మీద వేలు పెట్టి చదివాడు.

"పాతది ఉంటే తీసెయ్. కొత్తది తెరువు. నిలువుగా చీల్చు. అడ్డంగా చీల్చు. ఎవరి చోట వాళ్లని కూర్చోబెట్టు. నాలుగో గడికి వెళ్లి ఆగు."

"తర్వాత?"

"అంతే, కొమాద్రె. అక్కడితో అయిపోయింది."